ఎవరిదో ఎముక

"ఆవు ఎముక నాకొద్దు బాబూ," అని మార్గ్రీట్ నోరు గట్టిగా మూసేసుకుంది.

పళ్ళ డాక్టరు యూస్ట్ చేతిలోని చిన్న అద్దాన్ని పక్కన పెట్టాడు. ఆవిడకి ముందు పన్ను ఊడిన చోట దవడ ఎముక అరిగి గుంట పడింది. ఆ గుంటని ఎముక పొడితో పూడ్చి, అది గట్టిపడ్డాక కొత్త పన్ను బిగించాలి. ఇది నిలవకపోతే మళ్ళీ పూడ్చే వీలుండదు. ఇక బతికినన్నాళ్ళూ రాత్రిపూట తీసి గ్లాసులో వేసుకునే కట్టుడు పన్నే గతి.

"ఆవుది తొందరగా కరగదండీ. వేసింది వేసినట్టే ఉంటుంది. మీకు అదే మంచిది."

"మా అక్క పొద్దున లేస్తే జున్నే తింటుంది," అంది తోడొచ్చిన చెల్లెలు కోరీ, తడిసిన రెయిన్‌కోటు దులుపుకుంటూ. "ఆవు మీద ఈ కోపం ఎప్పట్నుంచో మరి!"

"నువ్వూరుకోవే."

యూస్ట్ ఓపిక తెచ్చుకున్నాడు. డెవెంటర్ ఊళ్ళో ఏ డాక్టరైనా అంతే. నోట్లో పెట్టేది దేనిదో విడమరిచి చెప్పి, సరేననిపించుకోనిదే చెయ్యి కదపకూడదు.

"పోనీ, మీ గడ్డం ఎముకే కాస్త గీకి వేస్తాను."

"నా గడ్డం జోలికి రాకు."

"ఫ్యాక్టరీలో చేసిన పొడి ఉంది. ఏ ప్రాణిదీ కాదు."

"సుద్దపొడి నోట్లో వేసుకోమంటావా?"

"ఇక మిగిలింది మనుషులదే. పోయినవాళ్ళు దానం చేసిన ఎముక. శుభ్రం చేసి పొడి కొడతారు." ఈ మాటతో ఆవిడ దారికొస్తుందనుకున్నాడు. ఇది వినగానే చాలామంది గబుక్కున ఆవుకి ఒప్పేసుకుంటారు.

మార్గ్రీట్ కుర్చీలో లేచి కూర్చుంది. "ఎక్కడివాళ్ళది?"

"మన దేశంవాళ్ళదే."

"ఆడవాళ్ళదా, మగవాళ్ళదా?"

"తెలీదండీ."

"ఏ ఊరివాళ్ళదో?"

యూస్ట్‌కి నవ్వొచ్చింది. ఈవిడ వరస పెళ్ళిసంబంధం వాకబు చేస్తున్నట్టే ఉంది. "ఎవరిదో మాకు చెప్పరు, మేం అడగనూ కూడదు. ఎంత తవ్వినా బయటికి రాదు."

"అయితే అదే వెయ్యి."

"ఛీ ఛీ!" అంది కోరీ. "ఏ తాగుబోతుదో అయితే? ముక్కూ మొహం తెలీనివాడి ఎముక నోట్లో పెట్టుకుని రొట్టె ఎలా నములుతావక్కా?"

"మీ గుంటకి అది సరిపడదండీ," అన్నాడు యూస్ట్. "సగం కరిగిపోవచ్చు. పన్ను నిలవకపోతే నన్నని లాభం లేదు."

"అనను."

ఇంతసేపూ గోడకి చెప్పినట్టయింది. యూస్ట్‌కి లోపల చిరాగ్గానే ఉంది, ఆవిడ పన్ను పోతుందేమోనని బాధగానూ ఉంది. మత్తు సూది అందుకుని, ఉండబట్టలేక అడిగేశాడు.

"ఎవరిదో ఏమిటో తెలియని ఎముక మీద మీకెందుకండీ అంత పట్టు?"

మార్గ్రీట్ వెనక్కి వాలి, కళ్ళు మూసుకుంది.

"పోయిన అక్టోబరులో మా ఆయన పోయినప్పుడు, ఎముకలు దానమిస్తారా అని ఆసుపత్రివాళ్ళడిగితే సరేనన్నాను బాబూ. ఇది ఆయనది కాదని నువ్వు చెప్పలేవుగా?"