తాతయ్య సందేహాలు

“పైపు తీశాక కుట్టు దగ్గర కారితే?” తాతయ్య డాక్టరుకు అడ్డంగా నిలబడ్డాడు.

“నాన్నా, ముందు ఆయన్ని పని చేసుకోనివ్వు!” కొడుకు తల పట్టుకున్నాడు.

మంచం మీద మూడేళ్ల మనవడు బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. పుట్టుకతోనే వాడి మూత్రం దారి చివర్లో కాకుండా కింది వైపు తెరుచుకుంది. డాక్టరు కొత్త దారి కుట్టి వారమైంది. ఇవాళ ఆ దారిలో పెట్టిన పైపు తీస్తారు. ధార ఒక్కటే వస్తే గండం గట్టెక్కినట్టే. కుట్టు మధ్య నుంచి ఇంకోటి కారిందా, పసివాడికి మళ్లీ కత్తి తప్పదు.

“కారకూడదనే కుట్టు మీద ఇంకో పొర కప్పాం పెద్దాయనా.”

“ఆ పొర ఎక్కణ్ణుంచి తెచ్చారు?”

“వాడి ముందరి చర్మం కింద నుంచే. అందుకే ఆపరేషన్ అయ్యేదాకా ఆ చర్మాన్ని ఎవర్నీ కొయ్యనివ్వొద్దన్నాను.”

“మరి దారి ఇరుకైపోతే?”

“తాతగారూ, డాక్టరు పరీక్షకి గానీ చదువుతున్నారా?” నర్సు నవ్వింది.

కోడలికి మాత్రం ఒళ్లు మండింది. “మామయ్యా, వారం నుంచీ ఇదే వరస. మీ నోట ఒక్క మంచి మాట రాదా?”

“కీడెంచి మేలెంచమన్నారమ్మా,” అని తాతయ్య పక్కకి జరిగాడు.

పైపు బయటికి వచ్చింది. గ్లాసెడు నీళ్లు తాగించి, కాసేపాగి వాణ్ణి బేసిన్ ముందు నిలబెట్టారు. డాక్టరు ముందుకు వంగాడు. మిగతా అందరూ చుట్టూ మూగారు. వాడు బిగుసుకుపోయాడు. చుక్క రాలేదు.

“ఇంతమంది గుడ్లప్పగించి చూస్తుంటే ఎవరికి వస్తుంది? అటు తిరగండి!” తాతయ్య కసిరాడు. డాక్టరు తప్ప అందరూ గోడ వైపు తిరిగారు.

ఉన్నట్టుండి సర్రుమని చప్పుడు. ఆ వెంటనే డాక్టరు కేక.

“ఒక్కటే ధార! తిన్నగా నా కళ్లజోడు మీదికే!”

కోడలు భోరుమంది. కొడుకు వాణ్ణి భుజాన వేసుకుని, పెళ్లాన్ని పట్టుకుని బయటికి నడిచాడు. తడి గుడ్డలు తీసుకుని నర్సూ వెళ్లింది. తాతయ్య మాత్రం కదల్లేదు.

“ఇంకా ఏం సందేహం పెద్దాయనా?” డాక్టరు కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వాడు.

తాతయ్య వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు.

“నాదీ పుట్టుకతో ఇంతే బాబూ. ఈ వయసులో కుడతారా?”