దుమ్ము లేదన్న చోట

"ఈ దరఖాస్తు పక్కన పెట్టేద్దాం," అన్నాడు చైర్మన్.

"ఎందుకు?" అంది మొండిఘటం.

ఆవిడ ఎదురుగా లేనప్పుడు కమిటీలో అందరూ ఆవిడని పిలిచే పేరు అదే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసినా ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు. ఎలాగూ దాచుకోలేని గుణం, దానికో పేరుంటే నష్టమేముంది?

గదిలో ఏసీ గుర్రుమంటోంది. బల్ల మీద బిస్కెట్లు మెత్తబడిపోయాయి. అయిదుగురు సభ్యులూ పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నారు. పంచాల్సింది అంతరిక్షంలో తిరిగే ఒక టెలిస్కోపు సమయం. మామూలు టెలిస్కోపు కాదది. కంటికి అందని పరారుణ కాంతిని, అంటే వస్తువులోంచి వచ్చే వెచ్చదనాన్ని పట్టుకుంటుంది. దాన్ని చల్లగా ఉంచే హీలియం అడుగంటింది. అది కాస్తా అయిపోతే, దాని ఒంటి వేడికి దానికే కళ్లు మూసుకుపోతాయి. మళ్లీ అలాంటిది ఎప్పుడు పైకి వెళుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇంకా ఇరవై గంటల సమయం మిగిలింది. దానికి రెండు దరఖాస్తులు.

ఒకటి, కొత్తగా పుడుతున్న నక్షత్రాల ఫొటోలు. చూడముచ్చటగా ఉంటాయి. పేపర్లో వేసుకోవచ్చు, మంత్రిగారికి ఫ్రేము కట్టించి ఇవ్వచ్చు. రెండోది, కోడిగుడ్డు ఆకారంలో ఉండే ముసలి గెలాక్సీల్లో దుమ్ముందేమో వెతుకుతానంటోంది. రాసిందెవరో తెలియదు. మొహాలు చూసి పంచకూడదని దరఖాస్తుల మీద పేర్లు తీసేస్తారు. ఆ రూలు పెట్టినవాళ్లకి మొహాల సంగతి బాగా తెలుసన్నమాట.

"ఎందుకేమిటి మేడమ్?" అన్నాడు చైర్మన్. "వాటిల్లో దుమ్ము లేదని అందరికీ తెలిసిందేగా."

"ఎవరు చెప్పారు లేదని?"

చైర్మన్ నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

పక్క కుర్చీలోని బట్టతలాయన కలగజేసుకున్నాడు. "ముప్పై ఏళ్లుగా పుస్తకాల్లో ఉంది కదక్కయ్యా. పిల్లలు పరీక్షల్లో అదే రాస్తున్నారు. మార్కులు కూడా వేస్తున్నాం."

"నువ్వు మార్కులు వేస్తే దుమ్ము ఎగిరిపోతుందా తమ్ముడూ?"

అవతలి చివర ఎవరో నవ్వబోయి దగ్గు కింద మార్చుకున్నారు.

"అప్పుడు చూసింది మామూలు వెలుతుర్లో," అందావిడ. "కోట్ల నక్షత్రాలు ధగధగమంటుంటే, మధ్యలో చల్లగా పడున్న పిడికెడు దుమ్ము ఎలా కనిపిస్తుంది? కనిపించలేదు కాబట్టి లేదన్నారు. దాని కాస్తంత వెచ్చదనాన్ని పట్టే యంత్రం అప్పుడు లేదు. ఇప్పుడుంది. చూడ్డానికి మీకేం రోగం?"

చైర్మన్ ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. గొంతు తగ్గించాడు.

"మీ మంచి కోరే చెబుతున్నాను మేడమ్. రిటైరయ్యే ఏడాది మీకు. ఇప్పుడెందుకీ రచ్చ?"

"నా మంచి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు టెలిస్కోపు సంగతి చూడు."

"ఒకవేళ దుమ్ముందనే తేలిందనుకోండి. ఎంతమంది రాసిన రాతలు చెత్తబుట్టలో పడతాయో ఆలోచించారా? ఎవరి పరువు పోతుందో ఆలోచించారా?"

"ఆలోచించాను. పోనీ."

"పోనీ అంటే ఎలా అక్కయ్యా?" బట్టతలాయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "చేతులెత్తమందాం. నలుగురం ఒకవైపున్నాం. ఇక్కడితో వదిలెయ్యి."

"ఎత్తండి. గెలవండి. నాదొకటే షరతు." ఆవిడ కాగితం ఆయన ముందుకు తోసింది. "కాదన్నప్పుడు కారణం రాయాలి కదా. 'అక్కడ ఏమీ లేదని మాకు ముందే తెలుసు, కాబట్టి చూడం' అని రాయండి. మీ నలుగురూ కింద సంతకాలు పెట్టండి. తర్వాత నేనూ పెడతాను."

బట్టతలాయన పెన్ను మూత తీశాడు. మళ్లీ పెట్టేశాడు. కాగితాన్ని మెల్లిగా చైర్మన్ వైపు జరిపాడు. చైర్మన్ దాన్ని వేడి గిన్నెలా చూశాడు గానీ ముట్టుకోలేదు. అలాంటి మాట కింద సంతకం పెట్టి, రేపు క్లాసులో పిల్లల ముందు నిలబడేదెలా?

"సమయం వృథా అయితే?" అన్నాడు చివరికి నీరసంగా.

"వృథా అయితే దుమ్ము లేదని గట్టిగా తెలుస్తుంది. అప్పుడు మీ పుస్తకాలు ఇంకో ముప్పై ఏళ్లు అమ్ముకోండి."

ఆ తర్వాత పెద్దగా వాదన జరగలేదు. పెద్దమనుషులు ఓడిపోయేటప్పుడు గడియారాలు చూసుకుంటారు. వీళ్లూ చూసుకున్నారు. ఇరవై గంటలూ దుమ్ము వెతికే దరఖాస్తుకే రాసేశారు.

బయట వరండాలో ఆవిడ గోడకి చేరగిలబడింది. చేతిలో కాగితపు కప్పు ఓ పక్కకి ఒరిగిపోయింది. టీ సగం నేలపాలైంది. బట్టతలాయన వచ్చి కప్పు అందుకున్నాడు.

"ఆ మొహమేమిటి, చావు కబురు తెచ్చినట్టు?" అని కసిరిందావిడ.

ఫోను మోగింది. ఆవిడ భర్త.

"ఏమైంది?"

"ఇప్పించాను."

"సరే, జాగ్రత్తగా ఇంటికి రా," అన్నాడాయన నెమ్మదిగా.

ఆ గుడ్డు గెలాక్సీల్లో దుమ్ము లేదని ముప్పై ఏళ్ల కిందట లోకానికి చెప్పి, ఆ ఒక్క మాట మీదే పేరూ ఉద్యోగమూ సంపాదించుకున్న మనిషి ఆవిడే.