బిగిసిన పట్టీలు

"చూడండి డాక్టరుగారూ, జారిపోయే పట్టీలు ఇవాళ బిగిశాయి. అమ్మాయి ఒళ్ళు చేస్తోందండీ," అంది వసుంధర, కూతురి కాళ్ళ మీది దుప్పటి తొలగిస్తూ.

లావైపోతానన్న భయంతో ఏడాదిగా తిండి మానేసిన నాగశ్రీని ఆ వారమే బందరు నర్సింగ్‌హోములో చేర్చారు.

డాక్టరు ఆ పాదాల వంకే చూస్తూ, "రెండు రోజులుగా ఏం పెడుతున్నారమ్మా?" అన్నాడు.

"ముద్దపప్పు, నెయ్యి వేసి అన్నం. తనే అడిగిందండీ."

"చెంచాతో కొద్దికొద్దిగా గంజే పట్టమన్నాను కదా."

"ఏడాదికి నోరు తెరిచి అన్నం అడిగిందండీ. చాల్లే అని ఎలా అనను?"

డాక్టరు పాదం మీద బొటనవేలితో నొక్కి తీశాడు. గుంట పడి, అలాగే ఉండిపోయింది.

"ఇది కండ కాదమ్మా, నీరు. ఇంతగా ఎండిన ఒంటికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే గుండె తట్టుకోలేదు." గొంతు తగ్గించాడు. "వెంటనే కారు మాట్లాడండి. విజయవాడ దాకా తట్టుకుంటుందని మాత్రం చెప్పలేను."

"అమ్మనేం అనకండి," అంది నాగశ్రీ నీరసంగా. "నిజంగానే ఆకలేసింది. ఇప్పుడూ వేస్తోందమ్మా."

వసుంధర కూతురి తల నిమురుతూ, మధ్యాహ్నానికి తెచ్చిన క్యారియరును ఆ పిల్లకు కనబడకుండా కాలితో మంచం కిందికి నెట్టింది.