రెండు వరుసలు

“మళ్ళీ సమానమేనా?” అన్నాడు ప్రొఫెసర్, కాగితం చూడకుండానే.

ఆమె తల ఊపింది. మూడేళ్ళ పరిశోధన, నాలుగోసారి పెంచిన పంట, ఇదే ఆఖరి అవకాశం. గాజుగదిలో గోధుమ కుండీలు రెండు వరుసలు. నీలం మూత డ్రమ్ములోని నైట్రేట్ ఎరువు నీళ్ళు ఒక వరుసకు, తెల్ల మూత డ్రమ్ములోని అమ్మోనియం ఎరువు నీళ్ళు రెండో వరుసకు. ఆ తరువాత మొక్కల వేళ్ళను కడిగి సీసాలో పెట్టి, అవి ఎంత ఊపిరి వదులుతున్నాయో మీటరు చూసి రాసుకోవాలి. తేడా రావాలి. వెంట్రుకవాసి కూడా రాలేదు.

“నైట్రేట్‌ని వాడుకోవాలంటే వేరు ఎక్కువ కష్టపడాలి, ఎక్కువ ఊపిరి వదలాలి. డిగ్రీ పిల్లలకి కూడా తెలుసు ఈ ముక్క. నీ మొక్కలకే తెలీదా?”

“మీటరు రెండుసార్లు మార్చి చూశాను సర్.”

“ఆడలేక మద్దెల ఓడు అందట. సోమవారం నుంచి నీ బల్ల ఇంకొకరికి ఇస్తున్నా.”

అంటే డాక్టరేట్ లేనట్టే. ఆ మనిషి ముందు ఏడవకూడదని పళ్ళబిగువున నిలబడింది గానీ, బయటికొచ్చి గాజుగది మెట్ల మీద కూలబడగానే ఏడుపు ఆగలేదు.

తోటమాలి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె బాబాయ్ అని పిలిచే ఈ ముసలాయన ఒక్కడే మూడేళ్ళలో ఆమెను “తిన్నావా తల్లీ” అని అడిగిన మనిషి. రోజూ పొద్దున్నే కుండీలకు ఎరువు నీళ్ళు పోసేది ఆయనే. సెలవు రోజుల్లో కూడా మానలేదు. సంచిలో మిగిలిన ఒక్క బిస్కెట్టూ ఆమె ఇస్తే, సరిగ్గా నడిమికి విరిచి సగం తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

“నా రాత ఇంతే బాబాయ్. తప్పెక్కడుందో కూడా తెలీలేదు.”

“నీ తప్పేం లేదమ్మా. పక్క గదుల్లో తెల్ల మూత నీళ్ళు తాగిన మొక్కలు ఎలా పాలిపోయాయో చూశావుగా. మనవి చూడు, రెండు వరుసలూ కవల పిల్లల్లా ఉన్నాయి.”

అది మాత్రం నిజమే. ఇంత చేదులోనూ ఆమెకు ఆ పచ్చదనం కాస్త ఊరటగా తోచింది.

“నీ చేతి చలవ బాబాయ్. ఇక్కడ నన్ను మోసం చెయ్యని మనిషివి నువ్వొక్కడివే.”

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. “మా సవతి తల్లి పంక్తివలపక్షం చేసేదమ్మా. పక్కపక్కనే కూర్చోబెట్టి, వాళ్ళబ్బాయికి ఒక గిన్నెలోది, నాకు ఇంకో గిన్నెలోది వడ్డించేది. ఆ బాధ పగవాడికి కూడా వద్దు.”

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

“అందుకే, ప్రతి కుండీకీ రెండు డ్రమ్ముల్లోవీ సగం సగం కలిపే పోశాను తల్లీ.”