రెండుసార్లూ అదే జవాబు

“గిరిబాబు గారూ, మీరు కొన్నాళ్ళు బండి ఎక్కకూడదు. మీ షెడ్డుకి నేను చెప్పక తప్పదు,” అంది ప్రసూన, బల్లమీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి.

గిరిబాబు కుర్చీ చివరికి జరిగాడు. గూడ్సు డ్రైవరుని ఇంజనెక్కొద్దంటే ఇంకేముంది? కాళ్ళు విరిచి కూర్చోబెట్టినట్టే.

“నాకేటయింది మేడమ్? దుక్కలాగున్నాను!”

“ఒంటికేం కాలేదు. మనసుకి.”

ప్రసూన మనసు డాక్టరు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగువాళ్ళ కోసం మనసు బాధల్ని కనిపెట్టే ఇంగ్లీషు ప్రశ్నల్ని తెలుగులోకి మార్చింది. అవి నమ్మదగ్గవో కాదో తేల్చుకోడానికి అదే కాగితాన్ని రెండు వారాల తేడాతో రెండుసార్లు పంచిపెట్టించింది.

“పైన మీ పేరే ఉంది. నిద్ర పట్టడం లేదని టిక్కు పెట్టారు. ఊరికే ఏడుపొస్తోందని పెట్టారు. చచ్చిపోవాలని రోజూ అనిపిస్తోందని పెట్టారు.”

“నేనా?” గిరిబాబు నోరెళ్ళబెట్టాడు. అంతలోనే సర్దుకున్నాడు. “అచ్ఛా, అదా! ఏదో తోచినట్టు కొట్టేసినాను మేడమ్. గడ్‌బడ్ అయిపోయినట్టుంది.”

“తోచినట్టు కొట్టిన టిక్కులు రెండోసారి అక్కడే పడవు. ఇందులో ఒక్కటీ అటూ ఇటూ కాలేదు. పెట్టినవాళ్ళ బాధ నిజమైతేనే అలా కలుస్తాయి. దాచుకోకండి, మందులున్నాయి.”

గిరిబాబుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే బండి పోతుంది. పరువంటే మామూలు పరువా! కాలనీ తెలుగు సంఘానికి ఆయన కార్యదర్శి. ఉగాదికి మైకు పుచ్చుకుని, “మన పిల్లలకి తెలుగు రాకపోతే సిగ్గుచేటు” అని అరిచేది ఆయనే. ఈ కాగితాలు ఇంటింటికీ తిరిగి పంచిపెట్టిందీ ఆయనే.

చివరికి లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

“ఎవుల్తోనూ అనకండి మేడమ్, మీకు దణ్ణం పెడతాను. నాకు తెలుగు సదవడం రాదు. ఇక్కడే పుట్టినాను, హిందీ బడిలో సదివినాను. మాటాడ్డమే గానీ అచ్చరం ముక్క రాదు.”

“మరి ఇవి?”

“మా ఇంటావిడ పెట్టింది. బొబ్బిలి పిల్ల, తెలుగు గడగడా సదివేస్తది. ‘నాకు డ్యూటీ టైమైపోతంది, నువ్వే ఏటో ఒకటి పెట్టీయే’ అని పడీసి ఎల్లిపోయినాను.”

“రెండుసార్లూ?”

“రెండుసార్లూను!”

అనేసి గిరిబాబు హమ్మయ్య అనుకున్నాడు. పరువు పోతే పోయింది, బండి దక్కింది. నవ్వు కూడా వచ్చేసింది.

“ఆవిడకేటి తెలుస్తాది మేడమ్, పాపం! మా జ్యోతిర్మయి నోట్లో నాలిక లేని మనిషి. పెళ్ళయిన కాడినుంచి నాకిది కావాలని ఒక్కనాడు నోరిప్పి అడగలేదు. మరింక నేను బండెక్కొచ్చు కదా?”

ప్రసూన నవ్వలేదు. కాగితాలు అక్కడే వదిలేసి, గబుక్కున లేచి నిలబడింది.

“గిరిబాబు గారూ, ఇప్పుడు ఇంట్లో ఆవిడకి తోడు ఎవరున్నారు?”