అరవై నాలుగు డిగ్రీలు

కంప్యూటర్ మూడోసారి ఆరిపోయింది.

"దాని జ్వరం ఇంకా తగ్గలేదా అమ్మాయ్?" పక్క గదిలోంచి అత్తగారు.

కోడలు మళ్లీ స్విచ్ నొక్కింది. ఇంకా కట్టని ఇళ్లకు కంప్యూటర్లో బొమ్మలు తయారుచేయడం ఆమె పని. సాయంత్రం ఐదింటికల్లా ఆరు బొమ్మలు రాకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు ఇంజనీరు. రెండే అయ్యాయి. టైము రెండున్నర.

నిన్న కంప్యూటర్ పెట్టె విప్పి దుమ్ము దులిపినప్పటి నుంచీ ఇదే గోల.

ఫోన్లో గ్రూపు తెరిచింది. కంప్యూటర్ల వేడి ఒకరితో ఒకరు పోల్చుకునే గ్రూపు అది. పక్క రేకు తీసిన పెట్టె ఫొటో, వేడి అంకెల ఫొటో, రెండూ పెట్టాలి. ఫొటో లేని అంకెను అక్కడ ఎవరూ నమ్మరు.

పెట్టింది. ప్రాసెసర్ ఎనభై ఒక్క డిగ్రీలు. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు తొంభై ఆరు.

"నా కార్డు డెబ్బై."

"నాది డెబ్బై రెండు. మీది కార్డా, కుంపటా?"



అంతలో 'ముసలి ఫ్యాను' అనే పేరుతో ఒకాయన రాశాడు. "సరిగ్గా అలాంటి కార్డే అమ్మా నాదీ. అరవై నాలుగు దాటేది కాదు."

"ఫొటో పెట్టండి."

"ఇప్పుడది నా దగ్గర లేదమ్మా."

"లేని కార్డుకి వేడెంతో చెబుతున్నారు. తాతగారు గట్టివారే!" గ్రూపంతా నవ్వులు.

"ఆ పెట్టె ఎక్కడ కొన్నారమ్మా?" మళ్లీ ఆయనే.

"పాత సామాన్ల షాపులో. అయితే?"

"లోపల వైర్లకు కట్టిన ఎర్ర దారం తీసేశారా?"

ఆమె ఆ ప్రశ్న మళ్లీ చదివింది. మురికిగా ఉందని నిన్న ఆ దారాన్ని కత్తిరించి పారేసింది. అది ఉండేదని ఇంట్లోవాళ్లకే తెలియదు.

"ఎవడో నా కంప్యూటర్లో దూరాడు అత్తయ్యా!"

"అమ్మో! ముందు వాణ్ణి తరిమెయ్!"

గ్రూపు పెద్దకి ఫిర్యాదు చేసింది. 'ముసలి ఫ్యాను' ఇంకా ఏదో రాస్తున్నట్టు కనిపిస్తూనే ఉంది. అంతలోనే పేరు మాయమైంది.

మూడున్నర. కంప్యూటర్ మళ్లీ ఆరిపోయింది.

దిక్కుతోచక టార్చి వేసి లోపలికి చూసింది. వైర్ల కట్ట జారి కార్డు ఫ్యాను మీద వాలింది. దాన్ని తిరగనివ్వడం లేదు.

"అత్తయ్యా, దారం ఉందా?"

"ఏ రంగు కావాలి?"

"ఏదో ఒకటి, తొందరగా!"

వైర్లు వెనక్కి లాగి కట్టింది. ఫ్యాను గిర్రున తిరిగింది. పని మొదలుపెట్టి అంకె వైపే చూస్తూ కూర్చుంది. యాభై. అరవై. అరవై నాలుగు. అక్కడ ఆగింది.

ఐదుకి నాలుగు నిమిషాలుండగా ఆరో బొమ్మ వెళ్లింది.

"మరి ఆ ముసలాయనకి చెప్పావా?" అంది అత్తగారు.

చెబుదామంటే ఆయన గ్రూపులో లేడు. నంబరు ఎవరి దగ్గరా లేదు.

పక్క రేకు బిగించబోతూ, లోపలివైపు పేరుకున్న దుమ్మును గుడ్డతో తుడిచింది.

దుమ్ము కింద నల్ల పెన్నుతో వరసగా తేదీలు, ప్రతి తేదీ పక్కనా అరవై నాలుగు, అన్నిటికీ అడుగున, "కొనుక్కున్నవాళ్లకి: ఎర్ర దారం తీయకండి, మీ పనికి అడ్డు రాదు. ఇట్లు, ముసలి ఫ్యాను."