ఎవరి చెవికి వారి పాట

పుట్టతేనె అమ్ముకునే ఎలుగుబంటికి బొజ్జ పెద్దది, బుర్ర చిన్నది. దాని తేనెకు పాటలు కట్టేది గోరువంక. తేనె నాలిక్కి రాసుకుని, కొమ్మ మీద గొణుక్కుని గొణుక్కుని ఒక్క పాట తెచ్చేది.

ఇంతలో అడవిలోకి యంత్రపు చిలక దిగింది. ఎవరికేది ఇష్టమో పసిగట్టి, వాళ్ల చెవికి తగ్గ పాట చిటికెలో కట్టేస్తుందట. ఎలుగుబంటి గోరువంకను పొమ్మంది.

"అది తేనె రుచి చూసిందా మామా?" అనడిగింది గోరువంక.

"రుచి దేనికే? నాక్కావలసింది గిరాకీ!"

తేనెలో లేత గరిక వాసనుందని జింకకు పాడింది చిలక. మాగిన అరటిపండేనని కోతికి పాడింది. చచ్చిన గొడ్డు కంపు కొడుతుందని రాబందుకు పాడింది. అది విని కూడా ఎలుగుబంటికి సిగ్గు లేదు. రాబందూ కొంటుంది కదా అని మురిసిపోయింది.

మర్నాడు గుహ ముందు తిరునాళ్లే. ఉన్నట్టుండి అందరూ పక్కకు తప్పుకున్నారు. పెద్దపులి వచ్చింది.

"రండి దొరా! దొప్పెడు పొయ్యనా?" అంది ఎలుగుబంటి.

"తేనె నాకెందుకోయ్?" పులి మూతి నాక్కుంది. "పాట మాత్రం భలే కట్టించావు. తేనె తాగి పెరిగిన ఎలుగు మాంసం అంత తియ్యగా ఉంటుందని, నీ చిలక పాడేదాకా నాకు తట్టనే లేదు!"